కుటుంబానికి మోటారు క్రూయిజర్ ఎంపిక: పడవల వారి తగాదాల్లో పట్టించుకోవలసినవి ఏవి?

ప్రశ్న: అలిపిరి నివాసి

సభ్యులందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా బావగారు ఉద్యోగరీత్యా కొచ్చిలో స్థిరపడినందున పిల్లల సెలవులు ఎక్కువగా వేంబనాడు సరస్సు పరిసరాల్లోనే గడుస్తున్నాయి. ఆ నీటి మీద రెండు మూడు రాత్రులు గడిపేందుకు వీలుగా, సుమారు 30 అడుగుల పొడవున్న, వాడిన మోటారు క్రూయిజర్ ఒకటి కొని బోల్గట్టి ద్వీపంలోని మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, ఉంచాలని నిశ్చయించుకున్నాము. పడవలో పడుకునేది మేము ఐదుగురం: మా దంపతులం, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మగారు. 2019లో గోదావరి మీద కచ్చులూరు వద్ద జరిగిన ప్రమాదం తరువాత ఆమెకు పడవ అంటేనే భయం పట్టుకున్నది. ఆ భయాన్ని గౌరవిస్తూనే కొనాలని నా పట్టుదల.

మూడు రకాలు పరిశీలనలో ఉన్నాయి. ఒకటి రెండు పెట్రోలు ఇంజన్లు, ఔట్‌డ్రైవ్‌లు (ఇంజను లోపల ఉండగా, ప్రొపెల్లర్ గల కాలు పడవ వెనుక బయట నీటిలోకి దిగే అమరిక) గల వేగపు పడవ. రెండవది ట్రాలర్ ఆకారంలో, ఒకే డీజిల్ ఇంజనుతో, అడుగు నుండి బయటికి వచ్చే షాఫ్టు (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు) మీద నడిచే నిదానపు పడవ. దీనికి పైకప్పు మీద రెండవ స్టీరింగు కూడా ఉన్నది. మూడవది ముందు భాగంలో మూసిన కేబిన్, వెనుక బయట తగిలించిన ఔట్‌బోర్డు ఇంజను ఉన్నది. అయితే సలహా అడిగిన ప్రతి చోటా ముందు ఏదో ఒక పక్షంలో చేరమన్నట్లు మాట్లాడుతున్నారు. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకున్న మా అన్నగారు ఇంజను ఉన్నదానిని పడవగానే లెక్కించరు. వేగపు పడవల వారు ట్రాలర్ పేరెత్తితే జాలిపడుతున్నారు, ట్రాలర్ వారు వేగపు పడవల వారిని ఇతరుల మీదికి అలలు తోసేవారని నిందిస్తున్నారు. ఈ మాటల్లో కొనేవాడికి పనికివచ్చే నిజం ఎంత? ఇంటికి దగ్గరలో పులికాట్ ఉండగా కొచ్చి దాకా ఎందుకని బంధువులు కూడా అడుగుతున్నారు. దానికి కూడా జవాబు తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: కట్టమంచి ఇంజనీరు

నేను చిత్తూరు వాడిని. చాలా కాలం ఓడల ఇంజన్ల పనిలో ఉన్నాను. పక్షాల సంగతి తరువాత చూద్దాము, ముందుగా పడవ అడుగు ఆకారం గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ తగాదాలలో సగం అక్కడి నుండే పుడుతున్నవి. నీటిని చీల్చుకుంటూ సాగే పడవకు ఒక సహజమైన వేగ పరిమితి ఉంటుంది. నీటిని తాకే పొడవును అడుగులలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చిస్తే ఆ పరిమితి నాట్లలో (ఓడల వేగపు కొలతలో) వస్తుంది. 30 అడుగులకు అది ఏడు నాట్లకు కొంచెం పైన, అంటే గంటకు 13 కిలోమీటర్లకు పైచిలుకు. అక్కడి నుండి ఎంత బలమైన ఇంజను పెట్టినా, పడవ తాను లేపిన అలనే తాను ఎక్కలేక ఇంధనాన్ని వృథా చేస్తుంది. వేగపు పడవ అడుగు చదునుగా ఉండి, తగినంత శక్తి దొరికితే నీటి పైకి లేచి జారుతుంది కనుక 22 నాట్లు, 24 నాట్లు సునాయాసంగా అందుకుంటుంది.

ఆ వేగానికి ధర ఉన్నది. మీరు చూసిన రెండు పెట్రోలు ఇంజన్ల పడవ ఆ వేగంలో గంటకు 70, 80 లీటర్లు తాగుతుంది. అంటే కిలోమీటరుకు సుమారు రెండు లీటర్లు. ఒక డీజిల్ ఇంజనుతో ఆరేడు నాట్ల వద్ద సాగే ట్రాలర్‌కు గంటకు 10 లీటర్ల లోపే సరిపోతుంది. కొచ్చి నుండి అలప్పుళ వరకు జలమార్గం 50 కిలోమీటర్లకు మించి ఉంటుంది. వేగపు పడవ దానిని గంటన్నరలో ముగించగలదన్నది కాగితం మీది లెక్క మాత్రమే, ఎందుకంటే హౌస్‌బోట్లు, చేపల వలలు, చిన్న పడవలు నిండిన ఆ నీటిలో అంత వేగంతో పోవడానికి చోటు దొరకదు. పోనీ నెమ్మదిగా నడుపుదామంటే, పూర్తిగా నీటి పైకి లేవకుండా, పూర్తిగా నిదానించకుండా, పది పన్నెండు నాట్ల వద్ద ముక్కు ఎత్తుకొని పోయే పడవే అన్నింటికంటే పెద్ద అలను లేపుతుంది. ట్రాలర్ వారి నింద ఇక్కడ న్యాయమైనదే. వేగపు పడవ ఐదారు నాట్లకు దిగి పోతే ఆ నింద ఉండదు, కానీ అప్పుడు అంత ఇంజను కొన్నది ఎందుకు?

ఔట్‌డ్రైవ్ గురించి మరింత గట్టిగా చెబుతాను. వోల్వో పెంటా 1959లో ఈ అమరికను బజారులోకి తెచ్చినప్పటి నుండి కుటుంబ పడవలకు అది ఎంతో మేలు చేసింది. ఇంజను వెనుకకు జరగడంతో కేబిన్‌కు చోటు పెరిగింది. అయినా ఆ కాలు ఎప్పుడూ నీటిలోనే ఉంటుంది. కొచ్చి వంటి వెచ్చని ఉప్పునీటిలో కొద్ది వారాలు కదలకుండా ఉంటే దాని నిండా నత్తగుల్లల వంటి బార్నకిల్స్ పట్టుకుంటాయి. కాలును పడవకు కలిపే రబ్బరు బెల్లోస్ చిరిగితే నీరు లోపలికి వస్తుంది, అందువల్ల వాటిని క్రమం తప్పకుండా మార్చాలి. తిరుపతిలో ఉండి, నెలకొకసారి కూడా వెళ్ళలేని యజమానికి ఇది తగినది కాదని నా నిశ్చితాభిప్రాయం. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది కనుక పడవ అడుగున చేరి నిలుస్తుంది. ఇంజను తిప్పే ముందు కనీసం నాలుగు నిమిషాలు ఆ ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ నడపాలన్నది అందుకే. డీజిల్‌కు ఆ ప్రమాదం చాలా తక్కువ. అమ్మగారు, పిల్లలు ఉన్న పడవకు నేను డీజిల్ ట్రాలర్‌నే ఎన్నుకుంటాను.

జవాబు: సూళ్ళూరుపేట తీరవాసి

పులికాట్ ప్రస్తావన వచ్చింది కనుక ఆ ఒడ్డున పుట్టినవాడిగా నా బాధ్యతగా వ్రాస్తున్నాను. అలిపిరి నివాసి గారూ, మీ పడవ అక్కడికి సరిపోదు. సరస్సు సగటు లోతు ఒక మీటరు ప్రాంతంలో ఉంటుంది. వేసవిలో చాలా భాగం బురద తేలుతుంది. ట్రాలర్‌కు మూడడుగుల నీరు తప్పనిసరి. పైగా అది పక్షుల అభయారణ్యం, అవతలి ఒడ్డు శ్రీహరికోట. సరస్సులోని ఇరకం దీవి వారికి పడవ వినోదం కాదు. రేషను బియ్యం, బడి, ఆసుపత్రి అన్నీ దాని మీదే ఆధారపడినవి.

తగాదాల విషయంలో మీరు తెరచాప, మోటారు పక్షాలను చెప్పారు, మూడవ పక్షమైన మత్స్యకారుడిని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. అతనికి తెరచాప పడవ, మోటారు పడవ రెండూ ఒకటే, రెండూ అతని వల మీదుగా పోయేవే. ఒక పెద్ద అల చిన్న నాటుపడవలోకి నీటిని నింపగలదు, వల కర్రలను వంచగలదు. ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న వల ఆ కుటుంబానికి కొన్ని నెలల సంపాదన. ఇదే సందర్భంలో ఇంజనీరు గారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. షాఫ్టుకు వల గానీ తాడు గానీ చుట్టుకుంటే ఎవరో ఒకరు కత్తి పట్టుకొని నీటిలో మునగాలి. ఔట్‌బోర్డు అయితే ఇంజనును పైకి ఎత్తి, పడవ వెనుక నిలబడి, వలను కోయకుండా విప్పి ఇవ్వవచ్చు. వర్షాకాలం తరువాత వేంబనాడులో గుర్రపుడెక్క ఎంత దట్టంగా వస్తుందో చూసినవారు ఈ సౌకర్యాన్ని తేలికగా తీసుకోరు.

జవాబు: తెరచాప అభిమాని, తిరుచానూరు

మీ అన్నగారి పక్షాన ఒక మాట చెప్పాలి. తెరచాప వారి కోపానికి కారణం అహంకారం మాత్రమే కాదు. గాలి పలచగా ఉన్నప్పుడు తెరచాప పడవ అతి కష్టం మీద ముందుకు సాగుతుంటుంది. ఆ సమయంలో పక్క నుండి వచ్చిన మోటారు అల చాపలోని గాలిని విదిలించి, పడవను ఉన్నచోటనే నిలిపివేస్తుంది. మోటారు పడవలో ఉన్నవారికి ఆ సంగతి తెలియనే తెలియదు.

అయినా మా వారు తరచుగా చేసే వాదన ఒకటి తప్పు. తెరచాపకు అందరూ దారి ఇవ్వాలని నియమం లేదు. 1972 నాటి అంతర్జాతీయ నౌకా నియమాలలో 18వ నియమం ప్రకారం మోటారు పడవ తెరచాప పడవకు దారి ఇవ్వాలి, కానీ ఆ రెండూ చేపలు పడుతున్న పడవకు దారి ఇవ్వాలి. సూళ్ళూరుపేట వారు చెప్పిన మూడవ పక్షానిదే ఆ వరుసలో పైచేయి. ఎదుటి పడవను వెనుక నుండి దాటేది ఏదైనా, అది తెరచాప పడవైనా సరే, తానే తప్పుకోవాలని 13వ నియమం చెబుతుంది. ఇరుకు కాలువలో తప్ప నడవలేని పెద్ద ఓడకు 20 మీటర్ల లోపు పడవలు, తెరచాప పడవలు అడ్డు రాకూడదని 9వ నియమం. కొచ్చి ఓడరేవు ముఖద్వారం వద్ద ఇది ప్రాణావసరం. చాప ఎత్తి ఉన్నా ఇంజను నడుస్తుంటే అది మోటారు పడవే అవుతుందన్నది మా వారు మరచిపోయే మరొక సంగతి.

ట్రాలర్ గురించి ఒక హెచ్చరిక. గుండ్రని అడుగున్న పడవలు నిలిపి ఉంచినప్పుడు పక్కకు ఊయలలా ఊగుతాయి. పిల్లలు తట్టుకుంటారు గానీ, భయం ఉన్న పెద్దావిడకు ఆ ఊపు నచ్చదు. కొచ్చిలో ప్రయాణికులను చేరవేసే వాటర్ మెట్రో పడవలను జంట అడుగులతో కట్టింది అలను, ఊపును తగ్గించడానికే. మీ 30 అడుగులలో ఆ వెసులుబాటు దొరకడం కష్టం.

అలిపిరి నివాసి

అందరికీ కృతజ్ఞతలు. వేగపు పడవను ఈ రోజే పక్కన పెట్టాను. ట్రాలర్, ఔట్‌బోర్డు పడవ మిగిలాయి. మా అమ్మగారి దృష్టితో చూస్తే ఏవి పరీక్షించాలి? ట్రాలర్ పైకప్పు స్టీరింగు పిల్లలకు బాగా నచ్చింది.

జవాబు: కట్టమంచి ఇంజనీరు

వల విషయంలో సూళ్ళూరుపేట వారి మాటను ఒప్పుకుంటున్నాను. అది బలమైన కారణమే. షాఫ్టు పడవలో ప్రొపెల్లర్ ముందు పొడవైన కీల్ (పడవ అడుగున వెన్నులా సాగే భాగం) ఉంటే కొంత రక్షణ ఉంటుంది, కానీ వల పూర్తిగా తప్పదు.

పైకప్పు స్టీరింగు నుండి చూపు బాగుంటుంది, అయితే బరువు పైకి చేరి ఊపు పెరుగుతుంది, గాలికి పడవ పక్కకు జారుతుంది, వంతెనల కింద ఎత్తు లెక్కించుకోవాలి. వేంబనాడుకు అడ్డంగా కట్టిన తన్నీర్‌ముక్కం బండ్ దాటి దక్షిణానికి పోవాలంటే లాకు గేటు, వంతెన రెండింటి కొలతలు ముందే కనుక్కోండి. అమ్మగారిని రెండు పడవలూ స్వయంగా ఎక్కించండి: జెట్టీ నుండి డెక్‌కు అడుగు ఎంత ఎత్తు ఉన్నది, అక్కడి నుండి టాయిలెట్‌కు ఎన్ని మెట్లు దిగాలి, ప్రతి అడుగుకు చేతికి పట్టు దొరుకుతున్నదా అన్నది ఆమె చెప్పనివ్వండి. ఐదుగురికి లైఫ్ జాకెట్లు ఎవరి కొలతకు వారివి ఉండాలి, పడవ కదిలే ముందే తొడుక్కోవాలి. పిల్లలకు పెద్దవారివి సరిపోవు. మూసిన కేబిన్ ఉన్న ఏ పడవలోనైనా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి, పొగ వెనుక నుండి లోపలికే తిరిగి రాగలదు.

పడవను నీటిలో నుండి పైకి ఎత్తించి, అమ్మేవారితో సంబంధం లేని సర్వేయర్ చేత పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వకండి. ఫైబర్ అడుగున బొబ్బలు, తేమ, షాఫ్టు సీలు, శీతలీకరణ నీటిని తోడే ఇంపెల్లర్ చూడాలి. నీరు కాలాన్ని బట్టి ఉప్పగా, మంచిగా మారే చోటు కనుక ఆనోడ్లు (తాము అరిగిపోతూ ఇతర లోహ భాగాలను తుప్పు నుండి కాపాడే ముక్కలు) అల్యూమినియంవి అయితే మేలు. 2021 నాటి అంతర్గత నౌకల చట్టం కింద రిజిస్ట్రేషను, సర్వే, బీమా కాగితాలు అమ్మేవారి పేరు మీద సరిగా ఉన్నాయో లేదో అదే రోజు చూడండి. నైరుతి వానలు తగ్గిన తరువాత, గాలి ఉన్న మధ్యాహ్నం వేళ, ఇంజను చల్లగా ఉండగానే వెళ్ళి, మీ కళ్ళ ముందే మొదటిసారి తిప్పమని అడగండి. ముందే వేడి చేసి ఉంచితే, ఆ రోజు వద్దని చెప్పి ఇంకో రోజుకు తేదీ తీసుకోండి.