సీడీ4 కౌంట్ బాగానే ఉన్నా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి టీబీ ఎందుకొస్తుంది?

బీఎస్సీ_మైక్రో: సీడీ4 అంటే హెచ్‌ఐవీ దెబ్బతీసే టీ కణాలు (ఒంటిని కాపాడే తెల్ల రక్తకణాలు) కదా, వాటి కౌంట్ 200 లోపు పడితేనే ప్రమాదం అనుకున్నా. 500 పైన ఉన్నా టీబీ ముప్పు ఎక్కువేనట. మరి మిగిలిన టీ కణాలు ఏం చేస్తున్నట్టు?

ల్యాబ్_కోటు: కౌంట్ అంటే తలల లెక్కే, ఏ కణం దేన్ని గుర్తుపడుతుందో అది చెప్పదు. టీబీ క్రిమి, క్రిముల్ని మింగే మాక్రోఫేజ్ కణాల లోపలే దాక్కుంటుంది, దాన్ని గుర్తుపట్టిన సీడీ4 కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ వదిలితేనే ఆ మాక్రోఫేజ్‌కి దాన్ని అణిచే బలం వస్తుంది. హెచ్‌ఐవీ బాగా పెరిగేది చురుగ్గా ఉన్న సీడీ4 కణాల్లోనే కాబట్టి టీబీతో పోరాడేవి ముందే తగ్గిపోతాయి, మొత్తం కౌంట్ మాత్రం నిండుగానే కనిపిస్తుంది.

రాత్రి_డ్యూటీ: కౌంట్ బాగా పడిపోయినవాళ్లకి టీబీ ఉన్నా మాంటూ టెస్టులో (చర్మంలోకి టీబీ ప్రొటీన్ ఎక్కించి వాపు కొలిచేది) వాపు రాకపోవచ్చు. అందుకే హెచ్‌ఐవీ ఉంటే 5 మిల్లీమీటర్లకే పాజిటివ్ అంటారు, నెగటివ్ చూసి ధీమా పడొద్దు.

బీఎస్సీ_మైక్రో: మరి ఇంకో రకం టీ కణాలు, సీడీ8 కణాలు?

ల్యాబ్_కోటు: సోకిన కణాల్ని చంపుతాయి, కానీ సీడీ4 సాయం లేకపోతే నీరసపడతాయి. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) మొదలెట్టాక ఇంకో తిరకాసుంది, కోలుకున్న టీ కణాలు టీబీ క్రిమిపై ఒక్కసారిగా విరుచుకుపడి జ్వరం, గడ్డలు పెరగొచ్చు. దీన్నే ఐరిస్ అంటారు. టెన్షన్ పడి మందులు మానేయకుండా డాక్టర్‌కి చూపించాలి.