షార్జాకి కొత్త, కలంకారీ వేస్తాను: నలుగురితో కలిసి పని చేసే చోటు ఉందా?

అల్ నహ్దా నుంచి:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాళహస్తి. పెళ్లయ్యాక మా ఆయన వీసా మీద వచ్చాను. చిన్నప్పటి నుంచి కలంకారీ వేస్తున్నాను. ఫ్లాట్లో ఒక్కదాన్నే కూర్చుని వేస్తుంటే చెయ్యి సాగడం లేదు. ఇక్కడ వర్క్‌షాపులు ఉంటాయా? నేనే క్లాసులు పెట్టొచ్చా?

రోలా నుంచి:
చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తానమ్మా. డబ్బు తీసుకుని నేర్పాలంటే పర్మిట్ కావాలి, మీ ఆయన వీసా ఒక్కటే చాలదు. "ఇంట్లోనే కదా, ఎవరు చూస్తారు" అనేవాళ్లు ఈ గ్రూపులోనే తగులుతారు, వినకు. ఊళ్లో కళాకారుల కోసమని చందాలు అసలే అడక్కు. అనుమతి లేకుండా విరాళాలు పోగుచేయడం ఇక్కడ నేరం.

ఈ ఏడాదికి వేరేవాళ్ల పనిలో చెయ్యి వెయ్యి. అందరూ దుబాయ్ అంటారు గానీ, నన్నడిగితే కళ విషయంలో షార్జాయే మేలు. ఇక్కడ 1993 నుంచి బినాలే, అంటే రెండేళ్లకోసారి వచ్చే పెద్ద కళా ప్రదర్శన, జరుగుతోంది. దాన్ని నడిపే షార్జా ఆర్ట్ ఫౌండేషన్ వాళ్ల గ్యాలరీలు మా రోలా దగ్గరే, అల్ మురైజా స్క్వేర్‌లో ఉన్నాయి. వర్క్‌షాపులూ పెడతారు, ముందుగా పేరు ఇచ్చుకోవాలి.

షార్జా హెరిటేజ్ డేస్ అనే సంప్రదాయ కళల ఉత్సవం మాత్రం వదలకు. అక్కడ 'తల్లీ' అనే ఇక్కడి జరీ అల్లిక పని చేసే ఆడవాళ్లు కజూజా అనే దిండు స్టాండు ముందు కూర్చుని, వెండి జరీ దారాన్ని మామూలు దారాలతో కలిపి జడలా అల్లుతుంటారు. 2022లో ఆ పనికి యునెస్కో గుర్తింపు వచ్చింది. నీ అరబ్బీ సున్నా అయినా పక్కన కూర్చుని వేళ్లు చూస్తే చాలు. ఫోటో తీసేముందు మాత్రం అడుగు, అడక్కుండా తీస్తే కేసు దాకా పోతుంది.

కరామా నుంచి:
అక్క దుబాయ్‌ని మరీ తీసిపారేసింది. నద్ అల్ షెబాలో తష్కీల్ అని కళాకారుల స్టూడియో కేంద్రం ఉంది, 2008లో లతీఫా బింత్ మక్తూమ్ మొదలుపెట్టారు. ప్రింట్‌మేకింగ్‌కి, బట్ట మీద అచ్చులకి స్టూడియోలు ఉన్నాయి. ఫీజు ఉంటుంది, మెట్రో దగ్గర్లో ఉండదు, టాక్సీ ఖర్చు లెక్కేసుకోండి. ఖర్చు వద్దంటే జద్దాఫ్‌లో జమీల్ ఆర్ట్స్ సెంటర్‌కి వెళ్లండి, ప్రవేశం ఉచితం, లైబ్రరీలో ఎంతసేపైనా కూర్చోవచ్చు. షార్జాలో అల్ జుబైల్ బస్ స్టేషన్లో ఈ303 బస్సెక్కి దుబాయ్ యూనియన్‌లో దిగితే, జద్దాఫ్‌కి మెట్రో గ్రీన్ లైన్ దొరుకుతుంది. సాయంత్రం తిరుగు ట్రాఫిక్‌తో మాత్రం పెట్టుకోకండి. ఎండాకాలంలో కార్యక్రమాలు పలచబడతాయి, అసలు సందడి అక్టోబరు తర్వాతే.

అజ్మాన్ నుంచి:
చెల్లీ, రంగుల సంగతి ఎవరూ చెప్పలేదు. నల్ల రంగు కోసం తుప్పు ఇనుము, బెల్లం నీళ్లు బాల్కనీలో పులియబెడితే ఆ వాసనకి వాచ్‌మన్ తలుపు కొడతాడు. అమ్మగారింట్లోనే తయారుచేయించి, సీసా గట్టిగా మూసి చెక్-ఇన్ సామానులో తెచ్చుకో. కరక్కాయ పొడి పొట్లం మీద పేరు రాయించు. అదే సూట్‌కేసులో అత్తగారు గసగసాలు పెడితే తీసేయ్, అవి ఇక్కడ నిషేధం.

అల్ నహ్దా నుంచి:
అందరికీ థాంక్స్. ఇంకొక్కటి. నాకు వచ్చినవి రామాయణం, దశావతారాలు. అందరూ కలిసి ఒకే గుడ్డ మీద వేసేటప్పుడు అవి వేస్తే ఇబ్బందా?

రోలా నుంచి:
ఇంట్లో నీ ఇష్టం. పదిమందితో వేసేటప్పుడు చెట్టు, నెమలి, తీగలతో మొదలుపెట్టు. మచిలీపట్నం అద్దకం వాళ్లు పారశీకం వాళ్ల అభిరుచికి తగ్గట్టు పూలూ సైప్రస్ చెట్లూ వేసి సముద్రం దాటించారు, నీకు దారి పడే ఉంది. అన్నట్టు, రంజాన్ నెలలో వేళలు మారతాయి, ఫోన్ చేసి వెళ్లు.