‘ద లైవ్స్ ఆఫ్ అదర్స్’: ద్రోహం చేసేది ఆడమనిషే ఎందుకైంది?

వేపచెట్టు:
2006 నాటి ఈ జర్మన్ సినిమా కథ 1984 తూర్పు బెర్లిన్‌లో మొదలవుతుంది. నాటక రచయిత డ్రైమన్ ఇంట్లో మైకులు పెట్టించి, అటక మీద కూర్చుని వింటాడు స్టాసీ (తూర్పు జర్మనీ రహస్య పోలీసు) అధికారి వీస్లర్. వింటూ వింటూ మారిపోయి చివరికి అతన్నే కాపాడతాడు. డ్రైమన్ రహస్యంగా వ్యాసం రాసిన టైప్‌రైటర్ ఎక్కడ దాచారో చెప్పేసేది మాత్రం డ్రైమన్‌తో ఉంటున్న నటి క్రిస్టా. 1989లో స్టాసీ ఇన్ఫార్మర్లు సుమారు 1,89,000 మంది. ఆడవాళ్లు అందులో ఐదో వంతు కూడా లేరు. తెర మీద ‘మార్తా’ అని మారుపేరు పెట్టి, ఇన్ఫార్మర్‌గా ఉంటానని రాయించుకున్నది ఒక్క ఆమె దగ్గరే.

పాతరీలు:
ఒక్కరే కాదండీ. సినిమాలో నాటక దర్శకుడు ష్వాల్బర్‌ను మర్చిపోయారు. పార్టీలో డ్రైమన్ స్నేహితుడు హౌజర్ అతని మొహం మీదే నువ్వు స్టాసీ మనిషివి అంటాడు.

వేపచెట్టు:
అనడం వేరు, చూపించడం వేరు. ష్వాల్బర్ ఎవరి మీద ఏం మోశాడో ఒక్క సీనుందా?

పాతరీలు:
ఇన్ఫార్మరా కాదా? అయితే ఇద్దరు. లెక్కలు తీసింది మీరు.

చిక్కడపల్లి:
ఒక ఆడ, ఒక మగ. సగం సగం కోటా కుదిరింది, తాళం వేసేయండి.

శాంతినివాసం:
ఈ ఆడా మగా లెక్కలో అసలు సంగతి పోతోంది. నటులు పుట్టిన ఊళ్లు చూడండి. అటక మీద వినే ఇద్దరు, ఉల్రిష్ ముయె గ్రిమ్మాలో, చార్లీ హుబ్నర్ నోయ్‌ష్ట్రెలిట్స్‌లో పుట్టారు. మంత్రి వేషం వేసిన థీమది వైమార్. ముగ్గురూ తూర్పువాళ్లే. నిఘాలో నలిగే జంటలో సెబాస్టియన్ కోఖ్ కార్ల్‌స్రూహె, మార్టినా గెడెక్ మ్యూనిక్. ఈ సినిమా దర్శకుడిది కొలోన్. అంటే తూర్పువాళ్ల బాధ పడమటి మొహాలకు ఇచ్చారు. స్టాసీ లెఫ్టినెంట్ కర్నల్ గ్రూబిట్స్ వేషం దీనికి మినహాయింపు, ఆ నటుడు పడమటివాడు.
ఇక సినిమాలో కనిపించనివాళ్ల సంగతి. 1989 నాటికి తూర్పు జర్మనీలో వియత్నాం ఒప్పంద కార్మికులు దాదాపు 60,000 మంది. హాస్టల్లో మనిషికి 5 చదరపు మీటర్లు. గేటు దగ్గర సందర్శకుల వివరాలు రాసుకునేవారు. గర్భం వస్తే గర్భస్రావం, కాదంటే తిరుగు విమానం. వాళ్ల మీద నిఘాకు మైకులు అక్కర్లేదు, వాచ్‌మన్ రిజిస్టరు చాలు. 1985 ఏప్రిల్‌లో రావెన్స్‌బ్రూక్ (నాజీల మహిళా నిర్బంధ శిబిరం) స్మారకానికి వెళ్లబోయిన లెస్బియన్ బృందాన్ని పోలీసులు అడ్డుకున్నారు. ఈ సినిమా కథ నడిచే కాలమే అది.

పాతరీలు:
రచయిత ఇంటి కథలోకి హాస్టల్ కార్మికులు ఎక్కడినుంచి వస్తారండీ? వీస్లర్‌గా నటించిన ముయె మీద స్వయంగా స్టాసీ నిఘా ఉండేది. అంతకంటే ఏం ప్రాతినిధ్యం కావాలి? పైగా క్రిస్టా బుద్ధిపూర్వకంగా ద్రోహం చేయలేదు. మంత్రి లొంగదీసుకున్నాడు, మాత్రల అలవాటు పట్టుకుని బెదిరించారు. సినిమా వేలు చూపించేది వ్యవస్థనే. క్రితంసారీ నేను ఇంత వివరంగా రాస్తే ‘మగబుద్ధి’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు.

వేపచెట్టు:
మళ్లీ అదే ఏడుపు! వీస్లర్‌కు మారడానికి సినిమా అంతా టైముంది. క్రిస్టాను విచారించేది అతనే. ఆమె చెప్పగానే ముందే వెళ్లి టైప్‌రైటర్ తీసేస్తాడు. ఆ సంగతి తెలియక, డ్రైమన్ కళ్లలోకి చూడలేక ఆమె వీధిలోకి పరిగెత్తి లారీ కింద పడుతుంది. అతని మంచితనానికి ఖరీదు కట్టింది ఆమె.

పాతరీలు:
ఇప్పుడు బయటపడ్డావు. నీ బాధ క్రిస్టా కాదు, స్టాసీవాడికి మనసు ఇచ్చారని!

వేపచెట్టు:
అవును, అదే. స్టాసీలో అది జరగని పని. మైకులు 26వ విభాగం, ఉత్తరాలు ‘ఎం’ విభాగం, వెంటాడటం 8వ ప్రధాన విభాగం, రచయితల ఫైలు 20వ దానిలో ఏడో శాఖ. వీస్లర్ సంకేతనామం 20/7 అక్కడిదే. ఒకడు అటక మీద దొంగ రిపోర్టు రాస్తే ఇంకో విభాగం కాగితం పట్టిస్తుంది. సొంత మనుషులనూ నమ్మకే పని అలా ముక్కలు చేశారు. హోహెన్‌షోన్‌హౌజెన్ జైలు స్మారకానికి అధిపతిగా ఉన్న హుబెర్టస్ క్నాబె షూటింగ్‌కు చోటివ్వనిది ఇందుకే.

పాతరీలు:
ఎదురుతిరిగినవాళ్లు లేరా? స్టాసీ కెప్టెన్ వెర్నర్ టెస్కేను 1981లో లైప్‌సిగ్‌లో చంపారు.

వేపచెట్టు:
టెస్కే పడమరకు పారిపోదామని కాగితాలు ఇంట్లో దాచాడు, ఎవరినీ కాపాడలేదు. ఆ మాత్రానికే కాల్చి చంపారు. వీస్లర్‌కు పడిన శిక్ష నేలమాళిగలో ఉత్తరాలు ఆవిరి పట్టి విప్పడం.

పాతరీలు:
అయితే ‘ఇది జరగని పని’ అని పేరు పెట్టి వేరే చర్చ తెరవండి, నేనూ ఒప్పుకుంటాను. ఆడవాళ్ల పేరు మీద నడపకండి.