ఏడిస్ దోమలన్నీ డెంగీని ఒకేలా మోస్తాయా?

చదువరి:
డెంగీ అనగానే ఏడిస్ ఈజిప్టై పేరు చెప్పి ఊరుకుంటాం. కానీ ఆ ఒక్క జాతిలోనే ఒక ప్రాంతం దోమలకు వైరస్ ఇట్టే అంటుకుంటుంది, ఇంకో ప్రాంతం దోమలకు అంత తేలిగ్గా అంటుకోదు. ల్యాబ్‌లో ఒకే మోతాదు వైరస్ కలిపిన రక్తం తాగించినా ఆ తేడా కనిపిస్తుంది. 1970ల నుంచే తెలిసిన సంగతి ఇది. అందుకని దోమల్ని లెక్కపెట్టడం కన్నా, ఎక్కడి దోమ ఎంత సమర్థురాలో (కుట్టేది ఆడదే కదా!) ముందు చూడాలంటాను.

లెక్కల పిచ్చి:
ఒప్పుకోను. వైరస్ ఉన్న రక్తం తాగిన దోమ వెంటనే జబ్బు అంటించలేదు. వైరస్ పేగు గోడలో పెరగాలి, దాన్ని దాటి ఒళ్లంతా పాకాలి, లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. వెచ్చటి వాతావరణంలో దీనికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఈలోగా దోమ చస్తే కథ ముగిసినట్టే. రోజూ 90 శాతం దోమలు బతికే చోట 10 రోజులకు మిగిలేవి 35 శాతం. 80 శాతమే బతికే చోట 11 శాతం. దోమ జన్యువుల జోలికి పోకుండానే మూడింతల తేడా!

వనమాలి:
లెక్క బాగుందండి, కానీ ఆ పేగు గోడ దగ్గరే కదా అసలు సంగతి. కొన్ని దోమల్లో వైరస్ అక్కడే ఆగిపోతుంది. అలాంటి దోమ ఎన్నాళ్లు బతికితే ఏం లాభం? ఆఫ్రికా అడవుల్లోని నల్లటి రకం, ఫార్మోసస్, చాలా ప్రయోగాల్లో డెంగీకి అంతగా లొంగలేదు.

లెక్కల పిచ్చి:
ఆ రకమే మనుషుల్ని వదిలి జంతువుల మీద ఎక్కువ వాలుతుంది. మనిషి వాసన పట్టే గ్రాహకంలోనే తేడా ఉందని కెన్యా దోమలపై 2014లో వచ్చిన పరిశోధన చూపించింది. డెంగీ పాకాలంటే ఒకే దోమ మనిషిని రెండుసార్లు కుట్టాలి: వైరస్ తీసుకోవడానికి ఒకసారి, ఇవ్వడానికి ఇంకోసారి. మరి ఘనత పేగుదా, ముక్కుదా?

వనమాలి:
ఇండోనేషియాలోని యోగ్యకర్త నగరం సంగతి చెప్పండి మరి. అక్కడ దోమల్ని చంపలేదు. వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న దోమల్ని వదిలారు. అది ఉంటే దోమలో డెంగీ వైరస్ సరిగా పెరగదు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం డెంగీ 77 శాతం తగ్గింది. దోమలు దోమల్లాగే ఉన్నాయి, సామర్థ్యం ఒక్కటే పడిపోయింది.

లెక్కల పిచ్చి:
అది మనుషులు తెచ్చిపెట్టిన పెద్ద తేడా. సహజంగా ఉండే తేడా అంత స్థిరం కాదు. థాయ్‌లాండ్ దోమల మీద చూస్తే, ఒక రకం వైరస్‌కు లొంగిన దోమలు ఇంకో రకానికి అదే తీరున లొంగలేదు. పగలు, రాత్రి ఉష్ణోగ్రతల తేడా పెరిగినా ఫలితం మారిపోతుంది. ఇక ల్యాబ్‌లో తరతరాలుగా పెరిగిన దోమను బయటి దోమతో పోల్చడం సంగతి చెప్పనే అక్కర్లేదు.

పాత సభ్యుడు:
ఇద్దరికీ ఒక మాట. డెంగీ విషయంలో ఈజిప్టై కన్నా తక్కువదని అందరూ అనే టైగర్ దోమ, ఆల్బోపిక్టస్, 2001లో హవాయిలో డెంగీని తెచ్చిపెట్టింది. 122 కేసులు నిర్ధారణయ్యాయి.

చదువరి:
సరే, నా మొదటి పోస్టులో ‘ముందు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ లెక్కల పిచ్చి గారూ, యోగ్యకర్త చూశాక కూడా మీ లెక్కలో సామర్థ్యం గడిని ఖాళీగా వదిలేస్తే మాత్రం ఊరుకోను.