‘చక్కెర గొలుసులు కట్టే ఎంజైములు’: ఇందులో ‘కట్టే’ సరిపోతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈస్టు కణాల మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. గ్లైకోసిలేషన్ (ప్రోటీన్లకు చక్కెరలు చేర్చే పని) జరిపే ఎంజైముల్ని ‘ప్రోటీన్ల మీద చక్కెర గొలుసులు కట్టే ఎంజైములు’ అన్నాను. చదివిన స్నేహితురాలు ‘కట్టే’ దగ్గర ఆగిపోయింది. ఇల్లు కడతాం, దండ కడతాం, గొలుసు కడతామా అంది. ‘అల్లే’ అనాలా, ‘కూర్చే’ అనాలా? చక్కెరను ఒక అణువు నుంచి ఇంకోదానికి చేర్చే ఇలాంటి ఎంజైమును గ్లైకోసైల్ ట్రాన్స్‌ఫరేజ్ అంటారు, దానికి మంచి తెలుగు పేరేదైనా ఉందా?

జవాబు:
పేరు జోలికి పోకండి. ‘శర్కరాస్థానాంతరీకరణి’ అని ఒకటి పుట్టించవచ్చు, చదివేవాళ్లు అక్కడే పేజీ తిప్పేస్తారు. పేరు ఉన్నదున్నట్టు రాసి, అది చేసే పనికి తగిన క్రియ వెతకండి.

చిక్కు ‘కట్టే’లో లేదు, అన్ని ఎంజైములకూ అదొక్కటే వాడటంలో ఉంది. కణం లోపల ప్రోటీన్లు తయారయ్యే చోట్లలో ఒకటైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ పొరలో డోలికాల్ అనే కొవ్వు అణువు ఉంటుంది. ఏఎల్‌జీ ఎంజైములు దాని మీద చక్కెరల్ని ఒక్కొక్కటిగా చేరుస్తాయి. ఏఎల్‌జీ7 మొదలుపెడుతుంది, ఏఎల్‌జీ10 చివరి గ్లూకోజ్ పెట్టి ముగిస్తుంది. మొత్తం 14 చక్కెరలు: ఎన్-అసిటైల్ గ్లూకోసమిన్లు 2, మానోజ్‌లు 9, గ్లూకోజ్‌లు 3. మొదటి ఏడూ పొరకు సైటోప్లాజం వైపున చేరతాయి, తర్వాత అదంతా లోపలి వైపుకు తిరగబడి మిగతా ఏడూ అక్కడ చేరతాయి. ఇంతవరకూ ప్రోటీన్ ఊసే లేదు చూశారా!

అప్పుడు ఆలిగోశాకరైల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము వచ్చి ఆ 14 చక్కెరల్నీ ఒకేసారి డోలికాల్ నుంచి తీసి ప్రోటీన్‌లోని ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి కలుపుతుంది. ప్రతి ఆస్పరజిన్‌కూ కాదు. దాని పక్కన ప్రోలీన్ కాని అమైనో ఆమ్లం, ఆ పక్కన సెరీన్ గాని థ్రియోనిన్ గాని ఉండాలి. ఒక చోట పెరిగిన కొమ్మను కోసి ఇంకో చోట అతికించడానికి మనకు ఎప్పటినుంచో ఒక మాట ఉంది: అంటుకట్టడం. మీ ‘కట్టే’ ముందు ‘అంటు’ చేరిస్తే చాలు.

తర్వాత వచ్చేది కత్తిరింపు. గ్లూకోసిడేజ్‌లు మూడు గ్లూకోజ్‌లనూ తీసేస్తాయి, ఇంకో ఎంజైము ఒక మానోజ్‌ను తీస్తుంది. ప్రోటీన్ తర్వాత చేరే గాల్జీ అనే కణభాగంలో ఓసీహెచ్1 అనే ఎంజైము ఒక మానోజ్ పెట్టి దారి తెరుస్తుంది. ఎమ్ఎన్ఎన్9 ఉన్న ఎంజైము జట్లు దాన్ని పొడిగిస్తాయి, ఎమ్ఎన్ఎన్2, ఎమ్ఎన్ఎన్5 పక్కకొమ్మలు వేస్తాయి. అలా 200 దాకా మానోజ్‌లు చేరవచ్చు. దీన్ని గొలుసు అనడం నాకు నచ్చదు, ఇది కొమ్మ. పీఎమ్‌టీ ఎంజైముల పని వేరు. అవి సెరీన్, థ్రియోనిన్‌ల మీద నేరుగా ఒక మానోజ్ పెడతాయి. దాని వెనక ఇంకొన్ని, అన్నీ కలిపి ఐదు దాకా, వరసగా చేరతాయి. అక్కడ ‘గొలుసు’ అనండి, బాగుంటుంది.

అన్నట్టు, ‘ఎంజైము’ అనే గ్రీకు మూలపు మాటకు అర్థమే పులియబెట్టే పదార్థంలో ఉన్నది అని. ఈస్టు అందులోనే ఉంది. మనం కిణ్వనం అంటున్నదాంట్లోని సంస్కృత ‘కిణ్వం’ కూడా ఆ పదార్థమే.

మరొకరు:
మాస్టారూ, ‘అంటు’ అనగానే అంటువ్యాధి గుర్తొస్తుందండీ. పైగా తోటలో అంటుకట్టిన కొమ్మ తనంతట తనే చిగురిస్తుంది. చక్కెర కొమ్మకు ఆ ప్రాణం లేదు కదా, ప్రతి మానోజ్‌నూ ఏదో ఒక ఎంజైము తెచ్చి పెట్టాల్సిందే. ‘తగిలించే’ అంటే సరిపోదా?

జవాబు:
రెండో మాట ఒప్పుకుంటాను. అందుకే ‘కొమ్మ పెరుగుతుంది’ అని రాయకూడదు, ‘ఎంజైము పొడిగిస్తుంది’ అనాలి. ఆ ఎంజైములు కూడా మానోజ్‌ను తయారు చేయవు. మానోజ్‌ను మోసే జీడీపీ-మానోజ్ లాంటి దాత అణువు నుంచి తీసుకుని అందిస్తాయి. ట్రాన్స్‌ఫరేజ్ అనే పేరు అందుకే వచ్చింది, ఒట్టి ‘కట్టే’ అంటే ఆ సంగతి మరుగున పడుతుంది. మొదటి మాట మాత్రం ఒప్పుకోను. అంటుమొక్క అంటే ఎవరికీ జబ్బు గుర్తుకు రాదు. ‘తగిలించే’ అంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చనిపిస్తుంది. ఇక్కడ ఉన్నది గట్టి రసాయన బంధం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. వాక్యాన్ని మూడుగా విడగొట్టాను: చేర్చేవి, అంటుకట్టేవి, పొడిగించేవి. కత్తిరించేవాటికి వేరే పేరా పెడతాను. ఇంకొక్క సందేహం. మానోజ్ అనాలా, మానోస్ అనాలా?

మరొకరు:
గ్లూకోజ్ అని రాస్తున్నప్పుడు మానోజ్ అనడమే వరస. కాకపోతే ప్రూఫులు మీరే చూసుకోండి. ఎవరో ఒకరు దాన్ని ‘మనోజ్’ అని దిద్దేస్తారు, వ్యాసం నిండా ఒక కుర్రాడు తిరుగుతుంటాడు.