పసుపు–బత్తాయి జ్యూస్ తెల్లారేసరికి చేదెక్కుతోంది, సీసా కడిగితే ఎరుపు వస్తోంది. పసుపు కల్తీదంటారా?

కూకట్‌పల్లి_అమ్మ

అందరికీ నమస్కారం అండీ. చలికాలం మొదలైన దగ్గర్నుంచి మా ఇంట్లో ఐదుగురికీ పొద్దున్నే ఒక చిన్న గ్లాసు జ్యూస్ ఇస్తున్నాను. ఆరు బత్తాయిలు తొక్క తీసి, రెండు నిమ్మకాయల రసం, బొటనవేలంత అల్లం, ఒక టీ చెంచా పసుపు, నాలుగు మిరియాలు, అన్నీ మిక్సీలో తిప్పి టీ జల్లెడలో వడకట్టి, రాత్రే సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను, ఎందుకంటే ఆరున్నరకల్లా పెద్దాడి స్కూల్ బస్సు వచ్చేస్తుంది, అప్పుడు పండ్లు ఒలుచుకుంటూ కూర్చోలేను.

రాత్రి రుచి చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. పొద్దున్నకి చేదు. మామూలు చేదు కాదు, గొంతులో పట్టుకుంటుంది, చిన్నది రెండు గుక్కలు తాగి పెట్టేస్తోంది. పైగా పసుపంతా అడుగున మడ్డిలా దిగిపోతోంది. ఇవి రెండూ ఎలాగోలా సర్దుకుందాం అనుకుంటే, నిన్న ఖాళీ సీసాకి పట్టిన మరక పోవడంలేదని వంటసోడా వేసి బ్రష్‌తో రుద్దాను, చూస్తుండగానే లోపలంతా ఎర్రగా, ఇటుకపొడి కలిపినట్టు అయిపోయింది. గుండె జారిపోయింది నాకు. మేం పసుపు విడిగానే కొంటాం, ప్యాకెట్‌ది కాదు. ఇన్నాళ్లూ పిల్లలతో రంగునీళ్లు తాగించానా అని రాత్రంతా ఒకటే టెన్షన్. మా అత్తయ్య కూడా తాగుతున్నారు, ఆవిడ గుండెకి మందులు వాడతారు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఆర్మూర్_పసుపు

అక్కా, ముందు ఆ భయం తీసేయండి. ఎర్రబడటం కల్తీ గుర్తు కాదు, పసుపు గుణమే అది. పెళ్లికూతురి కాళ్లకి పారాణి ఎట్లా చేస్తారు? పసుపులో సున్నం కలుపుతారు, కలిపిన చోటల్లా ఎర్రబడుతుంది. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది, పులుపులో పసుపు రంగులోనే ఉంటుంది. వంటసోడా క్షారం, సబ్బు కూడా అంతే, చొక్కా మీద పప్పు మరకకి సబ్బు రుద్దితే ఎర్రబడటం మీరు చూసే ఉంటారు. అదే సీసాలో ఇప్పుడు నిమ్మచెక్క పిండండి, మళ్లీ పసుపు రంగులోకి వస్తుంది.

మడ్డి దిగడం గురించి మీరు దిగులు పడుతున్నారు గానీ నేనైతే అది మంచి గుర్తు అంటాను. పసుపు నీళ్లలో కరగదు. గ్లాసు నీళ్లలో ఒక చెంచా పసుపు వేసి కలపకుండా వదిలేయండి. మంచి పసుపైతే పొడి మెల్లగా అడుక్కి దిగుతుంది, పైన నీళ్లు లేత పసుపులో ఉంటాయి. రంగు కలిపిందైతే నీళ్లన్నీ చిక్కటి పసుపు అయిపోతాయి. మెటానిల్ ఎల్లో అనే రంగు కలిపితే ఇలా కొంతవరకు బయటపడుతుంది. దానికి గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆసిడ్ తగిలితే గులాబీ రంగు వస్తుంది, కానీ ఆ పరీక్ష ల్యాబ్‌లో చేయాల్సిందే, నిమ్మరసం పులుపు దానికి సరిపోదు, ఇంట్లో ఆసిడ్ జోలికి మాత్రం పోకండి. ఇంకోటుంది, లెడ్ క్రోమేట్. అందులో సీసం ఉంటుంది, నీళ్లలో కరగదు కాబట్టి గ్లాసు పరీక్షకి దొరకదు. దాన్ని కొమ్ములకి పైపూతగా కొట్టేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే బంగారంలా మెరిసే కొమ్ము కనిపించిందంటే నేను కొనను. మా ఇంట్లో ఎండబెట్టిన కొమ్ము మట్టిరంగు కలిసిన పసుపులోనే ఉంటుంది, విరిస్తే లోపల నారింజ రంగు.

మేం జూన్‌లో మొక్కజొన్నతో పాటు పసుపు పెడతాం, జనవరి నుంచి తవ్వకం. ఉడకబెట్టి, కళ్లంలో ఎండబోసి, డ్రమ్ములో తిప్పి పాలిష్ చేసి నిజామాబాద్ మార్కెట్‌కి తీసుకుపోతాం. ఆ తవ్వకం రోజుల్లో పచ్చి కొమ్ములు రైతుబజార్లలో కూడా దొరుకుతాయి, అల్లంలానే ఉంటాయి. మీ జ్యూస్‌కి అవి తెచ్చుకోండి. పచ్చికొమ్ము మీరే కడిగి, మీరే చెక్కు తీస్తారు, మధ్యలో ఇంకొకరి చెయ్యి పడదు. పొడి వేసినప్పుడు నాలుకకి తగిలే ఆ పచ్చి వాసన, పిండి పిండిగా ఉండటం కూడా ఉండవు. చేతికి కవరు తొడుక్కోండి, లేదంటే గోళ్లకి నాలుగు రోజులు పోదు.

చీనీతోట

పసుపు సంగతి అన్న చెప్పినాడు, చేదు సంగతి నేను చెప్తా. మాది అనంతపురం వైపు, మీరు బత్తాయి అనేదాన్ని మేం చీనీకాయ అంటాం, మా తోటలో ఉండేది సాత్‌గుడి రకం. ఈ చేదుకి పసుపుతో సంబంధం లేదు అక్కా. చీనీ తొన మీద పొరలో, గింజల్లో రుచి లేని పదార్థం ఒకటి ఉంటుంది. పండు పండుగా ఉన్నంతవరకు దాని ఊసే తెలీదు. రసం తీశాక, రసంలోని పులుపుతో కలిసి మెల్లగా లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. ఒకసారి మారితే మళ్లీ వెనక్కి రాదు, తేనె వేసినా చేదు కింద ఉండనే ఉంటుంది. జ్యూస్ బండి వాళ్లు అడిగినప్పుడే ఎందుకు పిండి ఇస్తారనుకున్నారు? రెండు గంటల ముందు తీసి పెట్టుకుంటే వాళ్ల బేరం పోతుంది.

మీరు మిక్సీలో తిప్పడంతో ఇంకా ఎక్కువైంది. గింజ పగిలింది, తెల్లపొర నలిగింది, అవి రసంలో రాత్రంతా నానినాయి. అడ్డంగా కోసి చేత్తో పిండే దాంట్లో పిండి చూడండి, గింజలు అప్పుడే తీసేయండి, వెంటనే తాగేయండి. నిమ్మకాయ కూడా చెక్కకి గట్టిగా అదిమి పిండొద్దు, తొక్కలో నూనె దిగి అదొక చేదు. పండు కొనేటప్పుడు రంగు చూడొద్దు, మా ఎండలకి సాత్‌గుడి పండినా ఆకుపచ్చగానే ఉంటుంది చాలాసార్లు. చేతిలో పెట్టుకుంటే బరువుగా ఉండాల, తొక్క పలచగా నున్నగా ఉండాల.

కూకట్‌పల్లి_అమ్మ

మీ ఇద్దరికీ ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. నిమ్మచెక్క పిండాను, నిజంగానే పసుపు అయిపోయింది, పిల్లలిద్దరూ మళ్లీ సోడా, మళ్లీ నిమ్మకాయ అంటూ అరగంట వదల్లేదు. గ్లాసు పరీక్ష కూడా చేశాను, పొడి దిగింది, నీళ్లు లేతగానే ఉన్నాయి. కానీ పొద్దున్న ఆరు పండ్లు పిండే టైమ్ నిజంగా లేదండీ. రాత్రి చేసి పెట్టుకునే మార్గమే లేదా?

ఆర్మూర్_పసుపు

ఉంది అక్కా, రెండుగా విడదీయండి. పాడవనిది ముందు చేసుకోండి, పాడయ్యేది అప్పటికప్పుడు పిండండి. మా అమ్మ ఆదివారం చేసి పెడుతుంది. పచ్చి పసుపు 50 గ్రాములు, అల్లం 50 గ్రాములు చెక్కు తీసి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పది మిరియాలు నలిపి, అర లీటరు నీళ్లలో సన్న సెగ మీద పది నిమిషాలు మరిగిస్తుంది. చల్లారాక పలచటి బట్టలో వేసి పిండి, గిన్నెని పావుగంట కదపకుండా ఉంచుతుంది. అల్లం పిండి తెల్లగా అడుగున పేరుకుంటుంది, పైది మాత్రం ఒంపుకోవాలి. ఇది గాజు సీసాలో, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు బాగుంటుంది. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి, ట్రే మాత్రం పసుపు రంగు పడుతుంది, దానికోసం పాతది ఒకటి పక్కన పెట్టుకోండి.

పొద్దున్న గ్లాసుకి రెండు చెంచాలు ఈ కషాయం, గోరువెచ్చని నీళ్లు, అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం లేదా తేనె. బత్తాయి ఉంటే ఒక్కటి పిండండి, లేకపోతే నిమ్మకాయ చాలు. మరిగే నీళ్లలో నిమ్మరసం పోయకండి, విటమిన్ సి వేడికి తగ్గిపోతుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెల్లో పులుపు కలపొద్దు, స్టీలు గానీ గాజు గానీ వాడండి.

మందుల_కొట్టు

నేను మెడికల్ షాపు నడుపుతాను, మీ మొదటి పోస్టులో చివరి మాట చదివి రాస్తున్నాను. అత్తయ్యగారు గుండెకి వాడే మందుల్లో రక్తం పల్చబడటానికి ఇచ్చేది ఏదైనా ఉందా? ముఖ్యంగా వార్ఫరిన్, అసినోకౌమరాల్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ అనే పేర్లు స్ట్రిప్ మీద చూడండి. ఉంటే ఆవిడ డాక్టర్‌ని అడిగే దాకా ఈ జ్యూస్ ఆపండి. కూరలో, పప్పులో వేసుకునే పసుపు గురించి కాదు నేను చెప్పేది, రోజూ మందులా కొలిచి తాగేదాని గురించి.

మా నాన్నగారికి వాల్వ్ ఆపరేషన్ అయింది, వార్ఫరిన్ మీద ఉంటారు. ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష, అంకె పెరిగితే ఎక్కువ పల్చబడినట్టు) ఎప్పుడూ 2.5, 3 మధ్య ఉండేది. ఒక నెల 4.8 వచ్చింది, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. ఏం కొత్తగా మొదలుపెట్టారు అని డాక్టర్ గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది, ఎవరో చెప్పారని మోకాళ్ల నొప్పులకి పసుపు క్యాప్సూల్స్, మిరియాల సారం కలిపినవి, మూడు వారాలుగా వేసుకుంటున్నారు. నేను మందులు అమ్మేవాణ్ణి, నాకే చెప్పలేదు. పసుపే కదా, మందు కాదు కదా అనుకున్నారు.

మిరియాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పసుపు పొడిలో కర్క్యుమిన్ బరువులో దాదాపు 3 శాతమే, అదీ ఒంటికి సరిగ్గా పట్టదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి ఇస్తే మనుషుల్లో అది రక్తంలోకి చేరడం 2000 శాతం పెరిగిందని చూపించారు. పైపరిన్ అంటే మిరియాల ఘాటు. అందరూ ఆ 2000 ఒక్కటే పట్టుకుంటారు. మీరు ఐదుగురికి వేసే ఒక చెంచా పసుపులో ఒక్కో గ్లాసుకి వచ్చే కర్క్యుమిన్ 20 మిల్లీగ్రాముల చుట్టుపక్కలే, కాబట్టి దీంతో జబ్బులు పోతాయని నేను ఎవరికీ చెప్పను. చలికాలం పొద్దున్నే గోరువెచ్చగా, గొంతుకి హాయిగా ఉంటుంది, పిల్లలు ఆ పూట కూల్‌డ్రింక్ అడగరు, అది చాలు. విటమిన్ సి కోసమే అయితే ఒక జామకాయ ఇందులో నిమ్మచెక్క కన్నా చాలా ఎక్కువ ఇస్తుంది. కానీ అదే పైపరిన్ కొన్ని మందులు ఒంట్లో నిలిచే తీరుని కూడా మారుస్తుంది. మందులు వాడేవాళ్ల గురించి ఇంతగా చెప్పేది అందుకే.

ఇంకో రెండు మాటలు. పిత్తాశయంలో రాళ్లు, కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు ఉన్నవాళ్లు కూడా అడిగి తాగాలి. బత్తాయి బదులు గ్రేప్‌ఫ్రూట్ వేసుకునేవాళ్లు జాగ్రత్త, కొలెస్టరాల్, బీపీ మందులు కొన్నిటికి అది అస్సలు పడదు. ఏడాది లోపు పిల్లలున్న ఇళ్లల్లో తేనె కలిపింది వాళ్ల నోట్లో చుక్క కూడా పెట్టకండి. తాగాక మామూలు నీళ్లు పుక్కిలించండి, పులుపు పళ్ల మీద నిలవకూడదు.

కూకట్‌పల్లి_అమ్మ

అన్నయ్యా, స్ట్రిప్పులు చూశాను. క్లోపిడోగ్రెల్ ఉంది. అత్తయ్య జ్యూస్ ఆపేశాం, గురువారం చెకప్ ఉంది, పసుపు, మిరియాలు ఎంతెంత వేస్తున్నానో కాగితం మీద రాసి పట్టుకెళ్తున్నాను. ఆవిడకి ఉత్త నిమ్మకాయ నీళ్లు ఇస్తున్నాను అప్పటిదాకా. మీరు చెప్పకపోతే నాకు తట్టేదే కాదు.

పచ్చి పసుపు రైతుబజార్‌లో దొరికింది. కషాయం ఆదివారం కాచాను, ఈరోజు మూడో పొద్దు. బత్తాయి అప్పుడే పిండితే రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చిన్నది గ్లాసు ఖాళీ చేసి అడుగున ఏం లేదని తిప్పి చూపించింది.