చూలు కుక్కకి ఒళ్లంతా దద్దుర్లు, సెట్రిజిన్ ఇవ్వొచ్చా?

ప్రశ్న (కావలి)
ల్యాబ్రడార్, 26 కిలోలు, క్రాసింగ్ అయ్యి 44 రోజులు. పొద్దున తోటలో తిరిగొచ్చాక మూతి ఉబ్బింది. గంటలోపే పొట్ట మీద, తొడల లోపల రూపాయి బిళ్లంత దద్దుర్లు. రాత్రి కొత్తగా కానాగంత చేపలు ఉడికించి పెట్టాం. మెడికల్ షాపులో సెట్రిజిన్ చాలంటున్నారు. ఇంకొకరు డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) ఇంజెక్షన్ వేయిస్తే వెంటనే దిగుద్దంటున్నారు. కడుపులో పిల్లలకేమైనా అవుద్దా?

జవాబు 1 (ఒంగోలు)
మందు సంగతి తర్వాత, ముందు చిగుళ్లు చూడండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాలి. పాలిపోయినా, వాంతులు, విరేచనాలు, తూలడం మొదలైనా అది ఉత్త దద్దుర్లు కాదు, ఒళ్లంతటికీ పాకిన ప్రాణాంతక అలర్జీ. కుక్కల్లో ఈ దెబ్బ ముందు కాలేయానికీ పేగులకీ తగులుతుంది, అందుకే ఆయాసం కంటే ముందే వాంతులు రావచ్చు. అప్పుడు కావాల్సింది డాక్టరు చేత అడ్రినలిన్ ఇంజెక్షన్. చూలుతో ఉందని వెనకాడకూడదు. తల్లి బీపీ పడిపోతే పిల్లలకి రక్తమే అందదు.

అవేవీ లేకపోతే సెట్రిజిన్ సరిపోతుంది. మామూలు లెక్క కిలోకి 1 మి.గ్రా., రోజుకి ఒకసారి. మీ కుక్కకి 10 మి.గ్రా. మాత్రలు రెండు. వేసేముందు డాక్టరుకి ఫోన్‌లో బరువు, ఎన్నో రోజో చెప్పండి. స్ట్రిప్ మీద ఒక్క సెట్రిజినే ఉండాలి. పేరు చివర 'డి' ఉన్నవాటిలో సూడోఎఫెడ్రిన్ అనే ముక్కుదిబ్బడ మందు ఉంటుంది, కుక్కకి అది విషం. జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లు కూడా వద్దు.

జవాబు 2 (నెల్లూరు)
డెక్సా మాట మర్చిపోండి. కుక్కల్లో చూలు పోగొట్టడానికి సగం రోజులు దాటాక వరసగా పది రోజులు ఇచ్చే మందే అది. ఒక్క డోసుకే పిల్లలు పోతారని కాదు, ప్రాణం మీదికొస్తే డాక్టరు బేరీజు వేసుకుని వేస్తారు. దురద కోసం వేయించేది కాదు.

చేప మీద నాకంత అనుమానం లేదు. ఎండలో ఉండిపోయిన కానాగంతల్లో హిస్టమిన్ (అలర్జీలాంటి దద్దుర్లు తెచ్చే పదార్థం) పుడుతుంది, ఉడికించినా పోదు, నిజమే. కానీ దాని ప్రభావం గంటా రెండు గంటల్లోనే కనపడాలి, తెల్లారేదాకా ఆగదు. మూతి ముందు ఉబ్బిందంటే తేనెటీగో కందిరీగో కుట్టి ఉంటుంది. పెదవుల లోపల, నాలుక కింద, కాలి వేళ్ల మధ్య వెతకండి. తేనెటీగ ముల్లు ఉంటే ఆలస్యం చేయకుండా గోటితో గీకేయండి. చల్లటి తడిగుడ్డ వేయండి. అయినా ఈ వారం ఆ చేప ఆపండి.

ప్రశ్న వేసినవారు
చిగుళ్లు బాగున్నాయి. రెండు మాత్రలు వేశాం, సాయంత్రానికి మూతి దిగింది. రేపూ వేయాలా?

జవాబు 1
దద్దుర్లు పోతే అక్కర్లేదు. సాధారణంగా ఒక రోజులో మాయమవుతాయి. రేపటికీ అక్కడే ఉండి, పొక్కు కట్టి, వెంట్రుకలు ఊడుతుంటే అది గజ్జో తామరో, చర్మం గీకి పరీక్ష చేయించాలి. అప్పుడు గజ్జికి చేయించే అమిట్రాజ్ స్నానం, తామరకి ఇచ్చే గ్రిసియోఫుల్విన్ మాత్రలు రెండూ చూలు కుక్కకి పనికిరావని గుర్తుంచుకోండి. కిరసనాయిలు, పొగాకు నీళ్లు, పాత ఇంజన్ ఆయిల్ అసలే వద్దు, నాకి మింగేస్తుంది. ఈ వారంలో ఒకసారి స్కాన్ తీయించి పిల్లల గుండె కొట్టుకోవడం చూడమనండి.